అలమార గుబ్బలు

మాయాబందర్‌లో అలమార చేయించుకొనేవారికి అసలు చిక్కు పని ముగిసే వేళ వస్తుంది. తలుపులకు, సొరుగులకు గుబ్బలు ఎక్కడివి? బజారులో దొరికే ఇనుపవి ఉప్పుగాలికి తుప్పు పడతాయి. చెక్కవే మేలు.

ఇక్కడ చెక్క అంటే పడౌక్. మన శేషాచలం ఎర్రచందనానికీ, వేగిసకూ అది దాయాది. ఈ దీవుల అధికారిక వృక్షం. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక ఇక్కడి అడవులలో చెట్లు నరకడంపై కట్టుదిట్టమైన ఆంక్షలున్నాయి. అయినా గుబ్బలకు దుంగ అక్కరలేదు. వడ్రంగి పక్కకు నెట్టిన ముక్కలు చాలు. అవి పొయ్యి పాలు కాకముందే అడిగి దాచుకోవాలి.

పడౌక్ పోగులు ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయి. తరిమెన మీద మొద్దు ఉలి పెడితే పెచ్చులు లేస్తాయి. మరమేకు పోగుల కొసలోకి నిలువుగా దిగితే పట్టు తక్కువ. పోగులకు అడ్డంగా దిగేటట్టు ముక్కను కోయించండి. మరమేకు ఇత్తడిదై ఉండాలి.

ఆకారం కూడా అలంకారానికి మాత్రమే కాదు. వానకాలంలో చెక్క ఉబ్బి సొరుగు బిగుసుకొన్నప్పుడు నున్నని గుండ్రటి గుబ్బ తడిచేతికి జారిపోతుంది. మెడ సన్నగా, తల వెడల్పుగా ఉంటే వేళ్లకు పట్టు చిక్కుతుంది.

పడౌక్ ఎరుపు చూసి మురిసిపోయేవారికి ఒక మాట: వెలుతురు సోకి అది క్రమంగా గోధుమవన్నెకు తిరుగుతుంది. నిలిచే రంగులే కావాలంటే ఏటికొప్పాక లక్కపనివారిని అడగవచ్చు. వారు అంకుడు చెక్క తరిమెనపై తిరుగుతూండగానే రంగులక్క ఒత్తుతారు. రాపిడి వేడికి అది కరిగి అంటుకొంటుంది. ఉత్తరం రాసేటప్పుడు తలుపు మందం తెలపడం మరవకండి; మరమేకు పొడవు దానినిబట్టే.