సంచిక ఎందుకు ఆలస్యమైంది

ఒకటో తారీఖుకి రావాల్సిన సంచిక అయిదో తారీఖుకి వస్తోంది. పోస్టు చేయాల్సిన రోజు దాటింది గనుక రాయితీ పోయింది, పూర్తి స్టాంపులు అంటించాం. అది మీ చందా డబ్బే. లెక్క చెప్పాలి.

మధ్య పేజీల్లో ఒక ఊరి రిపోర్టుంది. నాటుకూలి పెంచమన్నందుకు మాదిగవాడకి బోరునీళ్లు ఆపేశారు. కూలికి పోయే పెద్దమ్మ ఒకామె ఫోన్లో చెప్పింది. మాలో చదువుకున్నవాళ్లం దాన్ని దిద్దాం. 'భూస్వామ్య శక్తులు', 'సాంఘిక బహిష్కరణ' అని రాసుకున్నాం. అచ్చుకు ముందు చదివి వినిపిస్తే, "ఇండ్ల నేనేడున్న బిడ్డా? బోరు బందుపెట్టినోని పేరేది?" అనడిగింది. కేసు వేస్తాడని భయపడి పేరు తీసింది మేమే. అదే ఊళ్లో బతికే ఆమెకి లేని భయం మాకెందుకో!

మళ్లీ రాశాం. పోలీసు ఫిర్యాదు నకలు తెప్పించి, పేరు పెట్టాం. ఆమె మాటలు ఆమెవే ఉంచాం. నాలుగు రోజులు దానికే పట్టింది. డీటీపీ తమ్ముడు రెండు రాత్రులు నిద్రపోలేదు. ప్రెస్సులో పెళ్లికార్డులు ముందేశారు. పాతబాకీ ఉన్నవాళ్లం, గట్టిగా అడగలేకపోయాం.

అంబేద్కర్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన 'మూక్‌నాయక్' కూడా పక్షపత్రికే. 1927లో పెట్టిన 'బహిష్కృత భారత్' డబ్బుల్లేక 1929లో ఆగింది. తారీఖు తప్పినందుకు క్షమించమంటున్నాం, ఆమె మాట కోసం ఆగినందుకు కాదు.

వచ్చే సంచికకి రిపోర్టులు ఎనిమిదో తారీఖులోగా పంపండి. రాయరానివాళ్లు ఫోన్లో చెప్పండి, రాసుకుని తిరిగి చదివి వినిపిస్తాం. చందాబాకీలున్న సంఘాలు ఈ వారమే కట్టాలి. జై భీమ్.