డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సార్‌కి ఇచ్చేస్తే...

పదో తరగతి రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టైంటేబుల్లో వారానికి ఒకటో రెండో డ్రాయింగ్ పీరియడ్లు ఉండే ఉంటాయి. వాటిలో నిజంగా బొమ్మలు వేసినవి ఎన్ని? 'సిలబస్ మిగిలిపోయింది' అంటూ లెక్కల సారో, సైన్స్ మేడమో వచ్చేసేవారు. కొన్ని స్కూళ్లలో అయితే ఆ పీరియడ్ టైంటేబుల్లోకే ఎక్కలేదు. పోతే పోయిందిలే, అదేమైనా ఉద్యోగం తెచ్చిపెడుతుందా అని ఇంట్లోవాళ్లూ సరిపెట్టుకున్నారు.

ఆ పోయిన పీరియడ్ ఖరీదు కాలేజీకి వచ్చాక తెలుస్తుంది. బీటెక్ మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్ సంగతే చూడండి. ఒక వస్తువు పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి ఎలా కనబడుతుందో మనసులో తిప్పి చూసుకోలేక మంచి ర్యాంకు వచ్చినవారూ తడబడతారు. ఫార్ములా బట్టీ పడితే వచ్చే విద్య కాదది. చిన్నప్పుడు కుండనీ, కుర్చీనీ చూసి గీసిన చేతికి ఆ చూపు అలవాటవుతుంది.

గ్రూప్ డిస్కషన్‌దీ అదే కథ. విషయం తెలిసినా నోరు పెగలనివారు కొందరు. ఎదుటివారి మాట వినకుండా అరిచేసేవారు ఇంకొందరు. మన బుర్రకథ గుర్తు చేసుకోండి. కథకుడు మధ్యలో కథ నడిపిస్తుంటే పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు రాజకీయం అందిస్తారు, మరొకరు హాస్యం పండిస్తారు. ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆగాలో ముగ్గురికీ తెలియకపోతే కథ ముందుకు సాగదు. స్కూల్లో ఏడాదికొక నాటకం వేసినా ఈ పాఠం ఒంటబడుతుంది. ఇప్పుడు దాన్నే సాఫ్ట్ స్కిల్స్ పేరుతో అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకుంటున్నాం.

కాగితం మీద మాత్రం లోటేమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వంద మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆర్ట్స్‌కీ సైన్స్‌కీ మధ్య గోడలు వద్దని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. అయినా మార్కుల మెమోలోనూ, ర్యాంకుల ప్రకటనల్లోనూ చోటు లేనిది క్లాసులోకి రావడం కష్టమే.

అమ్మానాన్నల భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. 'బొమ్మలు కూడు పెడతాయా?' అని అడిగే తండ్రి అప్పు చేసి ఫీజు కట్టి ఉండొచ్చు. కళ ఒక్కటే ఉద్యోగం ఇప్పిస్తుందని ఆయనకు చెబితే అది అబద్ధమే. కానీ గీసింది చెరిపి మళ్లీ గీసే ఓపిక, పది మంది ముందు తప్పు పాడి మళ్లీ మొదలుపెట్టే ధైర్యం ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తాయి. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు తడబడి, తర్వాతి ప్రశ్నకు నిలదొక్కుకునేవారిలో కనబడేది ఆ ధైర్యమే.

బొమ్మలంటే ఇష్టం ఉండీ వదిలేసినవారికి ఇప్పటికీ దారి మూసుకుపోలేదు. మూడేళ్ల డిగ్రీ అయినా, బీటెక్ అయినా సరే, ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయొచ్చు. వయోపరిమితి లేదు. ఐఐటీ హైదరాబాద్‌తో సహా పలు సంస్థలు ఈ స్కోరుతో ఎం.డిజైన్‌లో సీట్లిస్తాయి. ఆ దారి వద్దనుకున్నా, కాలేజీ ఫెస్ట్‌లో ఒక స్కిట్ వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

చివరగా డీఎస్సీకి చదువుతున్నవారికి ఒక మాట. రేపు మీరు బడిలో అడుగుపెడతారు. సిలబస్ వెనకబడుతుంది, పరీక్షలు దగ్గరపడతాయి. పక్క క్లాసు డ్రాయింగ్ పీరియడ్ మీకు ఖాళీగా కనబడుతుంది. దాన్ని అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. మీకు దక్కనిది ఆ పిల్లలకైనా దక్కనివ్వండి.