తెర మీద అందరూ కనబడాలి



ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మేము కొందరం కలిసి పోయిన వార్షికోత్సవానికి ఫొటోలతో ఒక స్లైడ్ షో తయారుచేశాం. మాలో ఒకరి ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉంది. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే, కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాళ్లమూ మేమే. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పే అన్నలు, బాబాయిలు మాకు లేరు. దొరికినదాన్ని వేసుకున్నాం.

అది చూడడానికి చాలా హంగుగా ఉంది. ఫొటోలు గిర్రున తిరుగుతాయి, పువ్వుల్లా విచ్చుకుంటాయి. తీరా చూస్తే అది ట్రయల్ వెర్షన్. ప్రతి ఫొటో మీద అడ్డంగా దాని పేరే! అయినా సర్దుకున్నాం. అసలు తప్పు వేదిక దగ్గర బయటపడింది. గ్రూప్ ఫొటో వచ్చేసరికి ముందు వరుసలో నేల మీద కూర్చున్న మూడో తరగతి పిల్లలు కనబడలేదు. ఊరి నుంచి వచ్చిన ఒక తల్లి లేచి నిలబడి, "మావోడేడి నాయనా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

తర్వాత వెతికితే కారణం తెలిసింది. మేము తీసిన ఫొటో వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. ఆ రోజు పెట్టిన తెర 16కు 9. తెర మొత్తం నింపమంటే సాఫ్ట్‌వేర్ ఫొటో ఎత్తులో నాలుగో వంతును పైనా కిందా కోసేస్తుంది. నింపకుండా, ఫొటో మొత్తం తెరలో ఇమిడేలా పెట్టుకుంటే పక్కల నల్లగా ఖాళీ మిగులుతుంది. కానీ మనుషులు అందరూ ఉంటారు.

అందుకే మా అభిప్రాయంలో హంగులున్నది మంచి సాఫ్ట్‌వేర్ కాదు. ఎవరినీ కోయకుండా చూపించేది, మనల్ని డబ్బు అడగనిది మంచిది. ఇర్ఫాన్‌వ్యూ అలాంటిదే. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్జాన్ దీన్ని 1996లో విడుదల చేశారు. ఇంట్లో వాడుకోవడానికి, చదువు అవసరాలకు ఉచితం. పాత కంప్యూటర్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది. 'డబ్ల్యూ' మీట నొక్కితే చాలు, ఒక్కో ఫొటో ఎన్ని సెకన్లు ఉండాలో మనమే చెప్పవచ్చు. ఫొటో కింద తెలుగులో పేర్లు రాయాలనుకుంటే లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్ ఉంది. అదీ ఉచితమే.

హంగు లేకపోతే ఎవరు చూస్తారని కొందరు అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు హంగు చూడడానికి రారు. బిడ్డ మొహం వెతుక్కుంటారు. ఆ మొహం దొరికేంతసేపు ఫొటో కదలకుండా ఉండాలి. ఒక్కోదానికి 7 సెకన్లు ఇస్తే 60 ఫొటోలకు 7 నిమిషాలు. ఆమాత్రం సమయం ఏ సభలోనైనా దొరుకుతుంది.

ఇంకొక మాట. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. ఎందరో వాడిన పికాసాను గూగుల్ 2016లో నిలిపివేసింది. కాబట్టి ఫొటోలకు 001, 002 అని వరుసగా పేర్లు పెట్టి ఒక ఫోల్డర్‌లో ఉంచాలి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచాలి. మనలో చాలామందికి చిన్నప్పటి ఫొటో అంటే హాస్టల్ గ్రూప్ ఫొటో ఒక్కటే.

ఈసారి స్లైడ్ షోలో మొదటి ఫొటో అదే పెడుతున్నాం, ముందు వరుసతో సహా. ఆ అమ్మ తప్పక రావాలని మా కోరిక. తమ్ముళ్లారా, కంప్యూటర్ అంటే భయపడకండి. వచ్చే ఏడు ఈ పని మీరే చేయాలి. చేసేముందు ఒకసారి తెర నాలుగు మూలలూ చూసుకోండి.