గురువు ఘనతకు శిష్యులే గీటురాయి
గోపీచంద్‌ అనుభవం చెప్పే పాఠం

అమలాపురం: కోనసీమలో బ్యాడ్మింటన్‌ రాకెట్‌ పట్టిన పిల్లల తల్లిదండ్రులకు హైదరాబాద్‌ గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్‌ అకాడమీ ఒక ఆశాదీపం. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌ సాయిరాజ్‌ 2014లో అక్కడ చేరి ప్రపంచ అగ్రశ్రేణికి ఎదగడమే అందుకు కారణం. అయితే ఆ అకాడమీ చరిత్రలో పతకాల వెలుగుతోపాటు శిష్యులు దూరమైన చేదు కూడా ఉంది. ఒక శిక్షకుడి పేరు ప్రతిష్ఠలను తూచాలంటే ఆ రెండింటినీ చూడవలసిందే.

ఇల్లు తాకట్టు పెట్టి..
2001లో ఆల్‌ ఇంగ్లండ్‌ టైటిల్‌ గెలిచిన గోపీచంద్‌ శీతల పానీయాల ప్రచారానికి నిరాకరించి ప్రజల మన్నన పొందారు. నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కేటాయించిన అయిదెకరాల్లో, సొంత ఇంటిని తాకట్టు పెట్టి మరీ అకాడమీ నిర్మించారు. 2008లో అది ప్రారంభమైంది. 2012 లండన్‌ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌ కాంస్యం, 2016 రియోలో పి.వి.సింధు రజతం ఆయన శిక్షణలో వచ్చినవే. రియోకు ముందు మూడు నెలలపాటు సింధును సెల్‌ఫోన్‌కు దూరంగా ఉంచారు. డబుల్స్‌ ఆడుతున్న కిదాంబి శ్రీకాంత్‌ను సింగిల్స్‌కు మళ్లించిందీ ఆయనే. ఆ శ్రీకాంత్‌ 2017లో నాలుగు సూపర్‌ సిరీస్‌ టైటిళ్లు గెలిచారు.

దూరమైన శిష్యులు
2014లో సైనా బెంగళూరు వెళ్లి, ప్రకాశ్‌ పదుకొనె అకాడమీలో విమల్‌ కుమార్‌ వద్ద చేరడం సంచలనం రేపింది. మరుసటి ఏడాదే ఆమె ప్రపంచ నంబర్‌వన్‌ అయ్యారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచారు. శిష్యురాలి నిర్ణయం తనను ఎంతగా బాధించిందో గోపీచంద్‌ 2020లో వెలువడిన పుస్తకంలో దాచుకోకుండా చెప్పారు. సింధు సైతం కొరియా శిక్షకుల వైపు మళ్లారు. 2021 టోక్యో కాంస్యం నాటికి ఆమె వెంట ఉన్నది పార్క్‌ టే సాంగ్‌. జాతీయ చీఫ్‌ కోచ్‌, అకాడమీ అధిపతి అనే రెండు హోదాలు ఒకరి వద్దే ఉండటం తగదని గుత్తా జ్వాల బహిరంగంగానే విమర్శించారు.

శిష్యులు వెళ్లినంత మాత్రాన గురువు విఫలమైనట్లు కాదు. గోపీచంద్‌ సైతం ఎస్‌.ఎం.ఆరిఫ్‌ వద్ద ఓనమాలు దిద్దుకుని, తర్వాత ప్రకాశ్‌ పదుకొనె వద్దకు వెళ్లినవారే. ఆ ప్రయాణమే ఆయనను ఆల్‌ ఇంగ్లండ్‌ విజేతగా నిలిపింది. ఇక సైనా 2017లో తిరిగి గోపీచంద్‌ వద్దకే వచ్చారు. 2018 గోల్డ్‌కోస్ట్‌ కామన్వెల్త్‌ క్రీడల ఫైనల్లో సింధును ఓడించి స్వర్ణం గెలిచారు. వెళ్లిన శిష్యురాలికి తలుపు మూయకపోవడం పతకాలకు తీసిపోని ఘనత.

ఒక్కరితో అయ్యేది కాదు
సాత్విక్‌ విజయంలోనూ పలువురి చేయి ఉంది. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. తొలి బీజం ఇంట్లోనే పడింది. చిరాగ్‌ శెట్టితో జోడీ కట్టించింది మలేసియా శిక్షకుడు టాన్‌ కిమ్‌ హెర్‌. డెన్మార్క్‌కు చెందిన మథియాస్‌ బో శిక్షణలో ఆ జంట 2023లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించి ప్రపంచ నంబర్‌వన్‌గా నిలిచింది. అకాడమీ నీడలోనే ఎదిగినా, సాత్విక్‌ను తీర్చిదిద్దింది ఏ ఒక్కరో కాదు.

ఆర్థిక స్తోమత లేనివారు పిల్లలను క్రీడల్లోకి పంపవద్దని 2025 ఫిబ్రవరిలో గోపీచంద్‌ చేసిన వ్యాఖ్య దుమారం రేపింది. పతకం దక్కని వందలాది మంది ఏమవుతున్నారన్న ప్రశ్న అందులో ఉంది. చదువు మాని, అప్పు చేసి వెళ్లిన బిడ్డ ఇరవయ్యో ఏట ఉత్త చేతులతో తిరిగొస్తే ఆ భారం కుటుంబానిదే. అందుకే శిక్షకుడి గది గోడపై ఫొటోలు చూసి మురిసిపోతే చాలదు. అక్కడి నుంచి వెళ్లిపోయినవారు ఎక్కడున్నారో, గురువును ఏ మాటతో తలచుకుంటున్నారో విచారించాలి. చదువు కొనసాగే వీలుందో లేదో ముందే తేల్చుకోవాలి. శిక్షణ కేంద్రాలు సైతం గెలిచినవారి పేర్లతోపాటు వెళ్లిపోయినవారి బాగోగులూ పట్టించుకుంటేనే వాటి కీర్తి నిలుస్తుంది.