ప్రయోగశాల నుంచి మందు సీసా దాకా

"కాన్సర్‌కు కొత్త మందు కనిపెట్టిన ఆచార్యుడు" అన్న వార్త పత్రికలో కనిపించినప్పుడల్లా మన ఇళ్ళలో ఒక ఆశ పుడుతుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ కాగితం కత్తిరించి దాచుకుంటాం. మణవాళనగర్ నుంచి, తిరువళ్ళూరు నుంచి, తిరుత్తణి నుంచి రైలెక్కి అడయారు కాన్సర్ ఆస్పత్రికి వెళ్ళి వచ్చే కుటుంబాలకు ఆ ఆశ విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. "ఈ మందు మనకెప్పుడు వస్తుంది?" అన్నదే వారి మొదటి ప్రశ్న. ఈసారి ఆ ప్రశ్ననే తీసుకుందాం. లోహాలతో కాన్సర్ మందులు చేయటానికి జరిగిన కృషిని, అందులో ఒక తెలుగు ఆచార్యుని పాత్రను చూస్తే జవాబు కొంత తెలుస్తుంది.

లోహం ఒంటికి పరాయిదేమీ కాదు. మన నెత్తురు ఎర్రగా ఉండటానికి కారణం ఇనుము. బి-12 విటమిన్ నడిబొడ్డున ఉన్నది కోబాల్టు. అయితే, లోహంతో కాన్సర్‌ను అదుపు చేయవచ్చునన్న సంగతి ఆధునిక వైద్యానికి తెలిసింది ప్లాటినం వల్ల. అదీ అనుకోకుండా.

ఇటలీ దేశస్థుడు మికేలే పెయ్‌రోనే 1844లో ఒక పసుపుపచ్చని లవణాన్ని వర్ణించాడు. ఒక ప్లాటినం పరమాణువు, రెండు క్లోరిన్లు, రెండు అమ్మోనియాలు, అంతే దాని నిర్మాణం. నూటఇరవై ఏళ్ళు అది రసాయనశాస్త్ర పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1965లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ వేరే పని మీద ఉన్నాడు. కణవిభజన మీద విద్యుత్తు ప్రభావం ఏమిటో చూడాలని సూక్ష్మజీవులను పెంచే ద్రవంలో ప్లాటినం కడ్డీలు పెట్టి విద్యుత్తు పంపాడు. సూక్ష్మజీవులు రెండుగా చీలటం మానేసి, దారాల్లా సాగిపోయాయి. కారణం విద్యుత్తు కాదని, కడ్డీల నుంచి కొద్దికొద్దిగా కరిగిన ప్లాటినం అని నిదానంగా తేలింది. చీలికను ఆపగలిగేది కాన్సర్‌ను ఎందుకు ఆపకూడదు? 1969లో ఎలుకలలోని కణుతులపై ఫలితం చూపించారు. 1978లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. దాని పేరు సిస్‌ప్లాటిన్. వృషణాల కాన్సర్ ఒళ్ళంతా పాకినవారిలో అంతకు ముందు పదిమందిలో ఒక్కరు దక్కటమే కష్టం. ఈ మందును మరి రెండు మందులతో కలిపి 1974 నుంచి ఇవ్వసాగాక, క్రమంగా పదిమందిలో ఏడెనిమిది మంది కోలుకోసాగారు.

ఇది పనిచేసే తీరు ముచ్చటైనది. నెత్తుటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి మందులోని క్లోరిన్లు అక్కడ కదలకుండా ఉంటాయి. కణం లోపల ఉప్పు తక్కువ. అక్కడికి చేరగానే క్లోరిన్లు ఊడిపోయి నీరు వచ్చి చేరుతుంది. అప్పుడు ప్లాటినం వెళ్ళి వంశబీజమైన డి.ఎన్.ఎ.ను పట్టుకుని వంచేస్తుంది. వంగిన డి.ఎన్.ఎ.తో కణం చీలలేదు. ఆశ్చర్యమేమంటే, రెండు క్లోరిన్లూ ఒకే పక్కన ఉంటేనే ఇది మందు. అవే పదార్థాలు ఎదురెదురుగా అమరితే కాన్సర్‌పై పనిచేయదు. వంటలో దినుసులెంత ముఖ్యమో, ఇక్కడ అమరిక అంత ముఖ్యం.

కాని ఈ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, చెవుల్లో హోరు పుట్టిస్తుంది, విపరీతంగా వాంతులు చేయిస్తుంది. కొన్నాళ్ళకు కొన్ని కాన్సర్లు దీనికి లొంగటం మానేస్తాయి. కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ అనే తమ్ముళ్ళు తరువాత వచ్చారు. ప్లాటినం కాక వేరే లోహాలు ఇంకా సౌమ్యంగా పనిచేస్తాయేమోనని ప్రపంచమంతటా వెతుకులాట మొదలైంది. ఆ వరుసలో ముందు నిలిచింది రుథేనియం.

ఇక్కడే మన తెలుగు ఆచార్యుడు వస్తారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఆచార్యులుగా పనిచేసిన ఎస్. సత్యనారాయణగారు బి-12 విటమిన్‌ను పోలిన కోబాల్టు సమ్మేళనాలపై విస్తారంగా పరిశోధించారు. 1990ల మొదట్లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జొనాథన్ చైర్స్‌తో కలిసి ఒక చిక్కుముడిని చేపట్టారు. మూడు రెక్కల పంకా ఆకారంలో ఉండే రుథేనియం సమ్మేళనం ఒకటి ఉంది. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాగా దానికి రెండు రూపాలు. అందులో ఒక రూపం తన రెక్కను డి.ఎన్.ఎ. మెట్ల మధ్య దూరుస్తుందని జాక్వెలిన్ బార్టన్ వంటి పేరుపొందిన శాస్త్రజ్ఞులు 1980లలో ప్రతిపాదించారు. నిజమా, కాదా?

దీనిని తేల్చటానికి వాడిన పద్ధతి ఎంతో సామాన్యమైనది. తమలపాకుల కట్టలో మధ్య మధ్య మరికొన్ని ఆకులు దూరిస్తే కట్ట ఎత్తు పెరుగుతుంది కదా. అలాగే మెట్ల మధ్య ఏదైనా దూరితే డి.ఎన్.ఎ. పొడవు పెరగాలి. పొడవు పెరిగితే ఆ ద్రావణం చిక్కబడి, సన్నని గాజుగొట్టంలో నుంచి దిగటానికి ఎక్కువసేపు పట్టాలి. ఎంతసేపు పట్టిందో కొలిచి చూశారు. రెండు రూపాలలో దేనితోనూ ద్రావణం అలా చిక్కబడలేదు. రెండింటిలో ఏదీ ఆ విధంగా దూరటం లేదని జేమ్స్ డాబ్రోవియాక్‌తో కలిసి 1992లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో ప్రకటించారు. ఆ తరువాత లోహాలకూ డి.ఎన్.ఎ.కూ గల సంబంధాన్ని పరిశోధించేవారు ఆ వ్యాసాన్ని తరచు ఉదహరిస్తూ వస్తున్నారు. హైదరాబాదులో ఆయన, ఆయన శిష్యులు రుథేనియం, కోబాల్టు సమ్మేళనాలను వరుసగా తయారుచేశారు. అవి డి.ఎన్.ఎ.ను ఎలా పట్టుకుంటాయో, వెలుగు పడితే దాన్ని ఎలా తెంచుతాయో, కాన్సర్ కణాలను ఎలా దెబ్బతీస్తాయో పరీక్షించారు.

మరి మందు వచ్చిందా? రుథేనియంతో చేసిన ఏ మందూ కాన్సర్‌కు మామూలు వాడుకలోకి ఇంకా రాలేదు. ఇటలీలో తయారైన 'నామి-ఎ' మనుషులపై పరీక్షల దాకా వెళ్ళి, ఆశించినంత ఫలితం లేక ఆగిపోయింది. మరికొన్ని ఇప్పటికీ పరీక్షల్లో ఉన్నాయి. గాజుపాత్రలో కాన్సర్ కణాన్ని చంపటం మొదటి మెట్టు మాత్రమే. కణాన్ని చంపేవి చాలా ఉన్నాయి, మనిషిని బతకనిచ్చేవే కొద్ది. ఎలుకలు, ఆ తరువాత కొద్దిమంది మనుషులు, ఆపైన వందలమంది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఎన్నో పదార్థాలు రాలిపోతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందులు ఆయన జీవితకాలంలోనే రోగులను చేరాయి. అందరికీ ఆ భాగ్యం ఉండదు. "ఈ దారి కాదు" అని నిక్కచ్చిగా తేల్చిన ఆచార్యుని శ్రమ వృథా కాదు. తరువాతివారు ఆ దారిన పోయి ఏళ్ళు పోగొట్టుకోకుండా కాపాడుతుంది.

కనుక రోగి ఉన్న కుటుంబాలవారికి రెండు మాటలు. పత్రికలో కొత్త మందు వార్త చదివినప్పుడు, అది గాజుపాత్రలో పనిచేసిందా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా అన్నది ముందు చూడండి. ఆ ఆశతో జరుగుతున్న చికిత్సను మాత్రం మానకండి. రెండవది, లోహమే మందు అయినప్పుడు భస్మాలు తింటే తప్పేమిటని కొందరు అడుగుతారు. సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడు మూత్రపిండాలను కాపాడటానికే సెలైన్ ఎక్కిస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. అలాంటి సమయంలో పాదరసమో సీసమో ఉన్న పొడి వైద్యునికి చెప్పకుండా పుచ్చుకుంటే ఆ మూత్రపిండాల మీద మరో బరువు పెట్టినట్టే. చెవుల్లో హోరు మొదలైనా, మూత్రం తగ్గినా వెంటనే చెప్పాలి. డాక్టరుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడకూడదు.

అడయారు సంస్థ 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదలతో 12 పడకలతో మొదలైంది. కాన్సర్ అంటే చావే అనుకునే రోజులవి. ఈనాడు అక్కడికి వెళ్ళినవారు ఎందరో ఇంటికి తిరిగి వస్తున్నారంటే, ఆ వెనుక వైద్యులతో పాటు పేరు తెలియని రసాయనశాస్త్రజ్ఞులూ ఉన్నారు.

ప్లస్ టూ ముగించిన పిల్లలు రసాయనశాస్త్రం చదువుతామంటే "అందులో ఏముంది, టీచరు ఉద్యోగం తప్ప?" అని పెద్దలు పెదవి విరవటం మామూలే. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పుట్టినరోజును దేశమంతా గురువుల పండుగగా జరుపుకుంటుంది. ఆ ఊరి చుట్టుపక్కల ఉంటూ మనమే టీచరు ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడటం బాగుండదు. వచ్చే జూన్‌లో మీ అబ్బాయో అమ్మాయో ఆ కోరిక చెబితే, వెంటనే కాదనకుండా కాస్త కూర్చోబెట్టి ఎందుకో అడగండి.