దీపాలవేళ మౌత్ ఆర్గాన్

బిలాస్‌పూర్ ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యకేంద్రం. మా చిన్నప్పుడు ఆ హోదా లేదు. పొద్దుగూకిందని మాకు చెప్పింది స్టేషన్ గడియారం కాదు, అమ్మ కేక. ఒక క్వార్టర్ గుమ్మంలోంచి తెలుగులో, పక్కింట్లోంచి బెంగాలీలో, వెనక వరసలోంచి ఛత్తీస్‌గఢీలో కేకలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలం. ఎవరి కేక ఎవరికో ఆట ఆపకుండానే పోల్చుకునేవాళ్లం.

అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1976లో తెచ్చిన ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ ఆల్బమ్ చివర ‘ఈజీ గోయిన్ ఈవెనింగ్’ అనే ముక్క ఉంది. దాని ఉపశీర్షిక ‘మై మామాస్ కాల్’: మా అమ్మ పిలుపు. అంత గొంతున్నవాడు ఇక్కడ పాట మానేసి మౌత్ ఆర్గాన్ అందుకున్నాడు. 1963లో, పదమూడేళ్ల వయసులో, ‘ఫింగర్‌టిప్స్’తో అతన్ని అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కించిందీ ఆ వాద్యమే. అప్పటిది కేరింత. ఇది తీరుబడి.

రెండు పెద్ద రికార్డులు చాలక నాలుగు పాటల చిన్న రికార్డు కొసరుగా ఇచ్చారు. ఆ కొసరులోనూ చివరిది ఇదే. ఆ రోజుల్లో దీన్ని వినాలంటే లేచి వెళ్లి రికార్డు మార్చాలి. బద్ధకస్తులకు దక్కేది కాదు.

మనకు మాత్రం ఈ సాయంత్రం కొత్తదా? ముందు ఏడాదే ‘షోలే’ వచ్చింది. దీపాలు తగ్గిస్తున్న జయ, ఇటు మౌత్ ఆర్గాన్‌తో అమితాబ్. వెనక వాయించింది భాను గుప్తా. అక్కడ ఒక్క మాట రాసినా దృశ్యం చెడిపోయేది.

చివర్లో మాటలు వద్దన్నది నా పక్షపాతం. మన కచేరీ చివర మాత్రం సౌరాష్ట్రంలోనో మధ్యమావతిలోనో మంగళం పాడటం ఆచారం. అది అందుకోగానే జనం చెప్పులు వెతుక్కోవడమూ ఆచారమే అయింది. మా రామనవమి పందిట్లో సన్నాయి మంగళానికి మడత కుర్చీల చప్పుడే తాళం. మడిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ముక్క నాలుగు నిమిషాలు మించదు. దీపం పెట్టాక కూర్చుని వినండి. తర్వాతి పాట దానంతటదే మొదలుకాకుండా ఫోన్లో ముందే ఆపి పెట్టుకోండి.