పోస్ట్ తీసేయండి, పర్లేదు.. ఎందుకు తీశారో మాత్రం చెప్పండి!

కొత్త ఫోన్ కొన్న వారానికే బ్యాటరీ సాయంత్రానికల్లా ఖాళీ అవుతోందనుకోండి. ఏం చేస్తారు? ఆ మోడల్ వాడేవాళ్లున్న కమ్యూనిటీ ఏదో వెతికి, అందులో చేరి, స్క్రీన్‌షాట్లు పెట్టి, వాడుతున్న సెట్టింగ్స్ అన్నీ రాసి, ఒక లింక్ కూడా జత చేసి పోస్ట్ పెడతారు. రెండు రోజులైనా ఒక్క రిప్లై రాదు. ఎవరికీ తెలీదేమోలే అని ఊరుకుంటారు. కానీ ఆ పోస్ట్ మీ స్క్రీన్ మీద తప్ప ఇంకెవరికీ కనిపించి ఉండకపోవచ్చు. కొత్త అకౌంట్, మొదటి పోస్ట్, అందులో లింక్.. ఈ మూడూ కలిస్తే చాలా ఫిల్టర్లకి అనుమానం వచ్చేస్తుంది.

స్పామ్ అంటే నాకూ చిరాకే. లోన్ యాప్‌లు, ఇంట్లో కూర్చుని రోజుకి వేలు సంపాదించే "జాబ్‌లు", ఫేక్ ఆఫర్ లింకులు.. ఫిల్టర్ అనేదే లేకపోతే ఏ కమ్యూనిటీ అయినా కొన్ని రోజుల్లోనే చెత్తకుప్ప అయిపోతుంది. అందులో డౌట్ లేదు. కానీ నా అభిప్రాయం ఏంటంటే, స్పామ్ తప్పించుకుని లోపలికి రావడం కన్నా మంచి పోస్ట్ చప్పుడు చేయకుండా మాయమవడమే పెద్ద సమస్య. లోపలికి వచ్చిన స్పామ్ కంటికి కనిపిస్తుంది, ఎవరో ఒకరు రిపోర్ట్ కొడతారు, పోతుంది. మాయమైన పోస్ట్ ఎవరికీ కనిపించదు కాబట్టి దాని గురించి అడిగేవాళ్లూ ఉండరు.

అసలు ఫిల్టర్ లోపల ఏం జరుగుతుంది?

ఫిల్టర్ మన పోస్ట్‌ని కూర్చుని చదువుతుందని చాలామంది అనుకుంటారు. చదవడం కన్నా ముందే సగం పని అయిపోతుంది. మొదట చూసేది ఏం రాశారని కాదు, ఎవరు రాశారని. అకౌంట్ తెరిచి ఎన్ని రోజులైంది? అదే ఐపీ నుంచి ఇంకెన్ని అకౌంట్లున్నాయి? పేజీ తెరిచిన రెండు సెకన్లకే నాలుగు పేరాల పోస్ట్ వచ్చిందా? అదే టెక్స్ట్ ఇంకో ఇరవై చోట్ల పడిందా? మనిషి అంత స్పీడ్‌గా టైప్ చేయలేడు కదా.

దీనికి వాట్సాప్ మంచి ఉదాహరణ. మెసేజ్‌లు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయి కాబట్టి మామూలుగా లోపల ఏముందో కంపెనీ చదవలేదు. అందుకే ప్రవర్తనని పట్టుకుంటుంది: ఎంత వేగంగా, ఎంతమందికి, ఎన్నిసార్లు. 2018లో ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకేసారి 5 చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా లిమిట్ పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌లని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ఇక్కడ మెసేజ్ ఏంటన్నది ఎవరూ చదవలేదు, దాని స్పీడ్‌కి బ్రేక్ వేశారంతే.

రెండో దశలో టెక్స్ట్ సంగతి. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ "ఎ ప్లాన్ ఫర్ స్పామ్" అని ఒక వ్యాసం రాశాడు. రూల్స్ చేత్తో రాసుకుంటూ పోవడం దండగ, మెషీన్‌కి రెండు కుప్పలు ఇవ్వండి అన్నాడు. ఒకటి స్పామ్, ఒకటి మంచి మెయిల్స్. ఏ పదం ఏ కుప్పలో ఎంత ఎక్కువగా వస్తుందో అదే లెక్కేసుకుంటుంది. కొత్త మెయిల్ వచ్చినప్పుడు అందులో పదాల లెక్కలన్నీ కలిపి ఒక స్కోర్ ఇస్తుంది. బేయస్ పద్ధతి అని మనం చదువుకున్నది ఇదే. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లు, పెద్ద లాంగ్వేజ్ మోడల్స్ వచ్చాయి. అయినా చివరికి బయటికొచ్చేది స్కోరే. స్కోర్ తక్కువైతే పోస్ట్ కనిపిస్తుంది, మధ్యలో ఉంటే మోడరేటర్ క్యూలోకి వెళ్తుంది, బాగా ఎక్కువైతే నేరుగా పోతుంది.

మూడో దశ మనుషులు. మనం కొట్టే రిపోర్టులు, మోడరేటర్ల నిర్ణయాలు. ఇక్కడా గోల లేకపోలేదు. మన ఫ్యాన్ వార్స్ తెలిసిందే కదా. రెండు వర్గాలు పట్టుకుని ఒకరి పోస్ట్‌ని ఒకరు మూకుమ్మడిగా రిపోర్ట్ కొడితే, నిజంగా తప్పు చేసిన పోస్ట్‌కీ నచ్చని పోస్ట్‌కీ తేడా మెషీన్‌కి వెంటనే తెలీదు. ఐఫోన్, ఆండ్రాయిడ్ గొడవల్లోనూ ఇదే జరుగుతుంది.

"99 శాతం" అంటే నమ్మేయకండి

ఏ ఫిల్టర్ గురించి చెప్పినా ముందు వినిపించే మాట యాక్యురసీ. 99 శాతం అనగానే అందరం వావ్ అంటాం. ఒక చిన్న లెక్క వేద్దాం.

ఒక కమ్యూనిటీలో రోజుకి 10,000 పోస్టులు పడతాయనుకుందాం. అందులో 5 శాతం, అంటే 500 స్పామ్. మిగతా 9,500 మంచివి. ఫిల్టర్ స్పామ్‌లో 99 శాతాన్ని పట్టుకుంటుంది: 495. మంచి పోస్టుల్లో 1 శాతాన్ని పొరపాటున స్పామ్ అంటుంది: 95. మొత్తం ఆపేసినవి 590. అందులో 95 ఏ తప్పూ లేనివి. అంటే ఫిల్టర్ ఆపిన ప్రతి ఆరు పోస్టుల్లో ఒకటి మంచిది! యాక్యురసీ మాత్రం బోర్డు మీద 99 శాతమే.

ఇంకో సంగతి. ఆ 95 మంది లాటరీ తీసినట్టు ఎవరో ఒకరు కారు. కొత్తగా చేరినవాళ్లు, లింక్ పెట్టినవాళ్లు, మెషీన్‌కి అలవాటు లేని భాషలో రాసేవాళ్లు.. ఎక్కువగా వీళ్లే. ఐదేళ్లుగా ఇంగ్లిష్‌లో రాస్తున్న పాత మెంబర్‌కి ఈ ఫిల్టర్ ఉన్నట్టే తెలీదు. దెబ్బంతా మొదటిసారి అడిగేవాళ్లకే.

డేటా ఎక్కడిది?

బీటెక్‌లో మెషీన్ లెర్నింగ్ మినీ ప్రాజెక్ట్ అనగానే స్పామ్ క్లాసిఫయర్ చేసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఎక్కువమంది వాడేది ఒకటే డేటాసెట్, ఎస్ఎంఎస్ స్పామ్ కలెక్షన్. మొత్తం 5,574 మెసేజ్‌లు, అందులో స్పామ్ 747. వైవాలో 97 శాతం వచ్చిందని గర్వంగా చెబుతాం. కానీ వచ్చిన ప్రతి మెసేజ్‌నీ "స్పామ్ కాదు" అని కళ్లు మూసుకుని చెప్పే ప్రోగ్రామ్‌కి కూడా అదే డేటా మీద దాదాపు 87 శాతం వస్తుంది!

ఆ డేటాలో ఏముందో ఒకసారి తెరిచి చూడండి. అన్నీ ఇంగ్లిషే. మంచి మెసేజ్‌లలో ఎక్కువ భాగం సింగపూర్‌లో ఒక యూనివర్సిటీ సేకరించినవి. స్పామ్‌లో ఎక్కువ భాగం బ్రిటన్‌లో జనం ఫిర్యాదు చేసినవి. అందులో మన "కేవైసీ అప్‌డేట్ చేయకపోతే అకౌంట్ బ్లాక్" లేదు, "కరెంట్ బిల్ కట్టలేదు, రాత్రి 9:30కి కనెక్షన్ కట్" లేదు. కంపెనీల దగ్గర ఇంతకన్నా చాలా పెద్ద డేటా ఉంటుంది, నిజమే. కానీ సూత్రం మారదు. మెషీన్‌కి ఏ భాష ఎక్కువ చూపిస్తే ఆ భాషలోనే మంచీచెడూ తెలుస్తాయి.

తెలుగు దగ్గరికొస్తే..

ఇప్పుడు మన సంగతి. "బాగుంది" అన్న ఒక్క మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా టైప్ చేస్తాం? ఒక ఏ పెట్టి, రెండు ఏలు పెట్టి, జీ బదులు వీ పెట్టి, చివర ఐ పదిసార్లు నొక్కి. మనకి అన్నీ ఒకటే. పదాలు లెక్కపెట్టే ఫిల్టర్‌కి మాత్రం ప్రతిదీ కొత్త పదం. అర్థంకాని అక్షరాల గుంపు ఒక కొత్త అకౌంట్ నుంచి వస్తే దానికి ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

తెలుగు లిపిలో రాస్తే ఇంకో చిక్కు. ఫోన్, ఫోన్‌లో, ఫోన్‌లోనే, ఫోన్‌కి, ఫోన్‌తో.. మనం విభక్తులని పదానికే అతికిస్తాం కాబట్టి ఇవన్నీ వేరువేరు పదాలైపోతాయి. పేర్లదీ ఇదే కథ. దీక్షితులు అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి, మధ్యలో ఒక ఇంగ్లిష్ బూతు దానంతటదే కనిపిస్తుంది. బూతుమాటల లిస్ట్ పెట్టుకుని పదం లోపల కూడా వెతికే ఫిల్టర్‌కి ఆ ఇంటిపేరున్న మనిషి చేసిన తప్పేంటో ఎవరు చెప్పాలి?

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది కంటికి కనిపించని ఒక అక్షరం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా కనిపించాలంటే ట కింద వ ఒత్తుగా మారకుండా మధ్యలో ఇది ఉండాలి. మన పేపర్లు, తెలుగు వికీపీడియా అన్నీ దీన్ని వాడతాయి. స్పామర్లు కూడా ఇలాంటి కనిపించని అక్షరాలనే వాడతారు, బ్లాక్ అయిన పదాన్ని మధ్యలో విరగ్గొట్టి ఫిల్టర్‌ని బోల్తా కొట్టించడానికి. ఇప్పుడు ఎవరో ఇంజినీర్ "జీరో విడ్త్ అక్షరాలుంటే స్పామ్ స్కోర్ పెంచు" అని ఒక్క రూల్ రాస్తే? ఇంగ్లిష్‌లో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చక్కగా తెలుగు రాసే ప్రతివాడూ అనుమానితుడైపోతాడు.

ఇదంతా మరీ ఊహ అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా"కి సంబంధించిన ఒక అక్షరాల కూర్పు వస్తే ఐఫోన్లలో యాప్స్ క్రాష్ అయిపోయాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ కూర్పులో కూడా ఈ కనిపించని అక్షరం ఉంది. అంత పెద్ద కంపెనీ టెస్టింగ్‌లోనే తెలుగు జారిపోయినప్పుడు, ఫిల్టర్లలో జారిపోదని ఎలా నమ్మాలి? తేడా ఒక్కటే. ఫోన్ క్రాష్ అయితే ప్రపంచమంతా గోల చేసింది. పోస్ట్ మాయమైతే చప్పుడుండదు.

కారణం చెబితే స్పామర్లు నేర్చేసుకోరా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. "లింక్ వల్ల ఆపాం" అంటే వాడు లింక్ తీసేసి ఫోటోలో నంబర్ పెడతాడు. అందుకే కొన్ని చోట్ల షాడో బ్యాన్ వాడతారు. మన పోస్ట్ మనకి కనిపిస్తుంది, మిగతావాళ్లకి కనిపించదు. స్పామర్ గుర్తుపట్టకుండా గాలితో మాట్లాడుకుంటాడని ఐడియా.

కానీ ఆచరణలో ఎవరు మోసపోతారు? స్పామర్‌కి ఇది వ్యాపారం. వాడి దగ్గర వంద అకౌంట్లుంటాయి. ఒకదాంతో పోస్ట్ పెట్టి, ఇంకోదాంతో కనిపిస్తోందో లేదో పది సెకన్లలో చూసుకుంటాడు. ఆ అవసరం, అలవాటు లేనిది మామూలు యూజర్‌కే. అంటే దొంగని పట్టుకోవడానికి పెట్టిన ముసుగు మంచివాడి కళ్లకే గంతలు కట్టినట్టు. రెడ్డిట్ కూడా 2015లో, రూల్స్ తప్పిన మామూలు యూజర్లకి షాడో బ్యాన్ బదులు విషయం చెప్పి సస్పెండ్ చేసే పద్ధతి తెచ్చింది. షాడో బ్యాన్‌ని స్పామర్లకి వదిలింది.

చట్టాలూ ఈ దారిలోనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన యూరప్ డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ ప్రకారం కంటెంట్ తీసేస్తే కారణం చెప్పాలి. మోసపూరితంగా గుట్టలుగుట్టలుగా వచ్చే కమర్షియల్ కంటెంట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అంటే స్పామర్‌కి కారణం చెప్పక్కర్లేదు, మనిషికి చెప్పాలి. మన 2021 ఐటీ రూల్స్‌లో కూడా, 50 లక్షలు దాటి యూజర్లున్న సోషల్ మీడియా ప్లాట్‌ఫామ్ నిబంధనలకి విరుద్ధమని తనంతట తానుగా కంటెంట్ తీసేస్తే కారణాలతో నోటీస్ ఇవ్వాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని ఉంది. గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. చిన్న కమ్యూనిటీలకి ఈ రూల్ వర్తించదు. అయినా పాటించకూడదని ఎవరూ అనలేదు కదా.

నేను అడిగేది పెద్దదేం కాదు

ఫిల్టర్ ఎంత కఠినంగా ఉన్నా పర్లేదు, మూడు పనులు చేస్తే చాలు. ఒకటి, పోస్ట్ ఆపితే ఆపామని చెప్పాలి, ఒక్క లైన్‌లో కారణంతో సహా. స్కోర్, రూల్ నంబర్ అక్కర్లేదు. "లింక్ ఉంది, మోడరేటర్ చూస్తారు" అంటే చాలు. రెండు, మనిషి చూసే అప్పీల్ ఒకటి ఉండాలి. మూడు, తెలుగులో పోస్టులు పడే చోట తెలుగు చదవగలిగే మోడరేటర్ ఒక్కరైనా ఉండాలి.

మన వైపు నుంచి కూడా పని ఉంది. స్పామ్ ఫోల్డర్ వారానికోసారి తెరిచి, మంచివాటికి "స్పామ్ కాదు" నొక్కండి. అది ట్రైనింగ్ డేటా అవుతుంది. రిపోర్ట్ కొట్టేటప్పుడు కోపం వచ్చిందని కాకుండా సరైన కారణం ఎంచుకోండి. టెలిగ్రామ్‌లోనో, డిస్కార్డ్‌లోనో మీరే అడ్మిన్ అయితే, బాట్ ఆపిన లిస్ట్‌ని రోజుకి ఐదు నిమిషాలు చూడండి. అందులో ప్రతి ఆరింటిలో ఒకటి మంచిది కావొచ్చు.

ఇది చదివే వాళ్లలో చాలామంది ఇంకో ఏడాది రెండేళ్లలో కోడ్ రాసే ఉద్యోగాల్లో ఉంటారు. ఇలాంటి ఫిల్టర్ మీద పని చేసే ఛాన్స్ మీకే రావచ్చు. అప్పుడు మీటింగ్‌లో యాక్యురసీ స్లైడ్ రాగానే ఒక్క ప్రశ్న అడగండి: "మనం పొరపాటున ఆపేసినవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?" జవాబు లేకపోతే, ఆ ఫీచర్ ఇంకా రిలీజ్‌కి రెడీ కానట్టే.